'మే ఐ నో వాట్ ఈజ్ యువర్ నేమ్' తప్పా? తప్పైతే ఎందుకు?

రాయదుర్గం_ప్యాసింజర్ | సోమవారం, రాత్రి 10:42

హైటెక్ సిటీ వైపు ఒక ఆఫీసులో కస్టమర్ సపోర్ట్‌లో పనిచేస్తున్నా. కంపెనీ పేరు వద్దులెండి. ఈ వారం నా కాల్స్ విన్న క్వాలిటీ వాళ్ళు ఒక షీట్ పంపారు. ఒకే తప్పుకి నాలుగు ఎర్ర గీతలు.

'మే ఐ నో వాట్ ఈజ్ యువర్ నేమ్?'
'కెన్ యు టెల్ మి వేర్ డిడ్ యు బై ఇట్?'
'లెట్ మి చెక్ వై ఈజ్ ఇట్ నాట్ వర్కింగ్.'
'ఐ డోంట్ నో ది టెక్నీషియన్ విల్ కమ్ టుడే ఆర్ నాట్.'

పక్కన 'ఎంబెడెడ్ క్వశ్చన్' అని రాసి వదిలేశారు. అడిగితే 'నౌన్ క్లాజ్ చదువుకో' అన్నారు. చదివాను. నిర్వచనం కంఠతా వచ్చింది, ఫోనెత్తగానే మళ్ళీ 'వాట్ ఈజ్' అనే వస్తోంది. మన సిటీలో నూటికి తొంభై మంది ఇలాగే మాట్లాడతారు కదా, ఇది అంత పెద్ద తప్పా? ఎవరైనా తెలుగులో అర్థమయ్యేలా చెప్పండి ప్లీజ్. వచ్చే సోమవారం మళ్ళీ ఆడిట్ ఉంది, టెన్షన్‌గా ఉంది.

---

చాయ్_బిస్కెట్ | సోమవారం, రాత్రి 10:55

అన్నా, 'మే ఐ నో యువర్ గుడ్ నేమ్' అనెయ్. క్లాజూ లేదు, గొడవా లేదు.

---

బ్యాంకు_పరీక్షలోడు | సోమవారం, రాత్రి 11:03

బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ పరీక్షల్లో ఎర్రర్ స్పాటింగ్‌కి ఇది ఫేవరెట్ టాపిక్. దిల్‌సుఖ్‌నగర్‌లో మా సార్ చెప్పిన షార్ట్‌కట్: వాక్యం మధ్యలో 'వాట్, వేర్, వై, హౌ' కనిపిస్తే దాని తర్వాత ముందు సబ్జెక్టు, ఆ తర్వాతే వెర్బు. ఉన్న 'డు, డజ్, డిడ్' తీసెయ్యాలి.

'వేర్ డిడ్ యు బై ఇట్' కాస్తా 'వేర్ యు బాట్ ఇట్' అవుతుంది. అంతే.

---

రాయదుర్గం_ప్యాసింజర్ | సోమవారం, రాత్రి 11:10

బ్రో, పరీక్షలో పేపర్ మీద చూసి దిద్దొచ్చు. కాల్‌లో 'వాక్యం మధ్యలో వచ్చిందా, మొదట్లో వచ్చిందా' అని ఆలోచించేలోపు కస్టమర్ 'హలో? హలో?' అంటున్నాడు.

---

బాల్కనీ_టీచరమ్మ | మంగళవారం, ఉదయం 6:20

బాబూ, ప్రభుత్వ బడిలో ఇంగ్లిష్ చెప్పి రిటైరైనదాన్ని. తార్నాక దగ్గరున్న ఇఫ్లూని, అదే ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీని, సీఫెల్ అనే రోజుల్లో అక్కడ కోర్సు చేశాను. ఇఫ్లూ పేరు 2007లోనే కదా వచ్చింది. అక్కడ నేర్పినదానికంటే పిల్లల నోట్సులు దిద్దుతూ నేర్చుకున్నదే ఎక్కువ.

ముందు 'నౌన్ క్లాజ్' అనే మాటకి భయపడకు. వాక్యంలో ఒక వస్తువు పేరు ఉండాల్సిన చోట ఒక చిన్న వాక్యం వచ్చి కూర్చుంటే అదే నౌన్ క్లాజ్. 'ఐ నో ది ఆన్సర్' అన్నావు. 'ది ఆన్సర్' తీసి ఆ కుర్చీలో 'వేర్ హి లివ్స్' కూర్చోబెట్టు. 'ఐ నో వేర్ హి లివ్స్.' కుర్చీ అదే, మనిషి మారాడు. ఆ కుర్చీ వాక్యం మొదట్లో ఉండొచ్చు: 'వాట్ హి సెడ్ హర్ట్ మి.' చివర ఉండొచ్చు: 'ఐ హర్డ్ వాట్ హి సెడ్.' ప్రిపోజిషన్ వెనక ఉండొచ్చు: 'ఐ యామ్ థింకింగ్ అబౌట్ వాట్ హి సెడ్.' అనుమానమొస్తే ఆ ముక్క మొత్తం తీసేసి 'సమ్‌థింగ్' పెట్టి చూడు. వాక్యం నిలబడితే అది నౌన్ క్లాజే.

ఇక తిరగేయడం సంగతి. ఇంగ్లిష్‌లో సబ్జెక్టునీ 'ఈజ్'నీ తారుమారు చేసేది ఎదుటివాణ్ణి నేరుగా అడుగుతున్నామని తెలపడానికి. 'వేర్ ఈజ్ హి?' అంటే అడుగుతున్నాను. 'ఐ డోంట్ నో వేర్ హి ఈజ్' అంటే అడగడం లేదు, నాకు తెలియదని చెబుతున్నాను. మరి 'కెన్ యు టెల్ మి' సంగతేమిటంటావా? అక్కడ అడిగే పని 'కెన్ యు' చేసేసింది. ఒకసారి తలుపు తట్టాక మళ్ళీ తట్టక్కర్లేదు.

---

నల్లకుంట_వ్యాకరణం | మంగళవారం, ఉదయం 9:14

టీచర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. దానికి తెలుగు వైపు నుంచి ఒకటి కలుపుతాను. ఈ విషయంలో ఇంగ్లిష్ పుస్తకాల కంటే మన భాషే బాగా దారి చూపిస్తుందని నా అభిప్రాయం.

ఈ రెండూ పైకి అనుకుని చూడండి:

అతనెక్కడున్నాడు?
అతనెక్కడున్నాడో తెలియదు.

రెండో దాంట్లో క్రియ చివర 'ఓ' వచ్చింది. ఎందుకొచ్చింది? 'ఇది ఇక నేరు ప్రశ్న కాదు, పెద్ద వాక్యంలో ఒదిగిపోయిన ప్రశ్న' అని చెప్పడానికి. అంటే ఎంబెడెడ్ క్వశ్చన్‌కి తెలుగులో ప్రత్యేకంగా ఒక గుర్తు ఉంది. ఇంగ్లిష్‌లో అలాంటి అక్షరం లేదు. వాళ్ళకి గుర్తు మాటల వరసే. తిరగేస్తే నేరు ప్రశ్న, తిరగేయకపోతే ఒదిగిన ప్రశ్న.

కాబట్టి రాయదుర్గం గారూ, కాల్‌లో వాక్యం మధ్యా మొదలా అని వెతక్కండి. మనసులో వచ్చే తెలుగు వాక్యంలో క్రియ చివర 'ఓ' ఉందా అని చూడండి. 'ఎక్కడ కొన్నారో చెప్తారా?' ఓ ఉంది, తిరగేయొద్దు: 'కెన్ యు టెల్ మి వేర్ యు బాట్ ఇట్?' 'ఎందుకు పనిచేయట్లేదో చూస్తాను.' ఓ ఉంది: 'లెట్ మి చెక్ వై ఇట్ ఈజ్ నాట్ వర్కింగ్.'

మీ నాలుగో వాక్యం అచ్చం మన హైదరాబాదీ తప్పు. 'వస్తాడో రాడో తెలియదు' అని మనసులో ఉంది. రెండు ఓలూ తెలుగులో క్రియల వెనక ఉంటాయి. ఇంగ్లిష్‌లో ఆ పనికి ముందే ఒక మాట రావాలి, అది 'వెదర్'. మనం దాన్ని మింగేసి 'ఆర్ నాట్' ఒక్కటీ చివర తగిలిస్తాం. 'ఐ డోంట్ నో వెదర్ ది టెక్నీషియన్ విల్ కమ్ టుడే' అంటే చాలు, 'ఆర్ నాట్' కూడా అక్కర్లేదు.

---

చాయ్_బిస్కెట్ | మంగళవారం, ఉదయం 9:31

మస్తుంది అన్నా ఈ ఓ. ఇన్నేళ్ళు రోజూ వాడుతున్నా, దానికో పని ఉందని ఇవాళే తెలిసింది.

ఒక డౌట్. 'ఎవరో వచ్చారు' అంటాం కదా. అందులోనూ ఓ ఉంది. మరి అది?

---

నల్లకుంట_వ్యాకరణం | మంగళవారం, ఉదయం 9:48

మంచి డౌట్. ఓ ఎక్కడ అంటుకుందో చూడండి. 'ఎవరో వచ్చారు'లో ప్రశ్న మాటకే అంటుకుంది, అది 'సమ్‌వన్ కేమ్'. 'ఎవరు వచ్చారో'లో క్రియకి అంటుకుంది, అది 'హూ కేమ్'. అలాగే 'ఎక్కడో ఉన్నాడు' అంటే 'సమ్‌వేర్', 'ఎక్కడున్నాడో' అంటే 'వేర్ హి ఈజ్'.

అయితే చిక్కు ఒకటుంది. తెలుగులో కొన్ని వాక్యాలకి క్రియే ఉండదు. 'మీ పేరేమిటి?' 'ఆయన ఎవరు?' వీటిలో 'ఈజ్'కి సమానమైన మాట లేదు. అందుకే 'మీ పేరేమిటో', 'ఆయనెవరో' అన్నప్పుడు వేరే దారి లేక ఓ ప్రశ్న మాటకే అంటుకుంటుంది. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి తెలుగులో లేని 'ఈజ్'ని ఎక్కణ్ణుంచో తెచ్చి పెట్టాలి. ఎక్కడ పెట్టాలో తెలియక, చిన్నప్పటి నుంచి వింటున్న 'వాట్ ఈజ్' జంటని అలాగే దించేస్తాం. నా లెక్కలో ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. 'వాట్ ఈజ్ యువర్ నేమ్', 'హూ ఈజ్ ది మేనేజర్', 'వాట్ ఈజ్ ది స్టేటస్', అన్నీ ఈజ్ వాక్యాలే. ఇలాంటి వాటిలో 'ఈజ్' చివరికి పోవాలి: 'వాట్ యువర్ నేమ్ ఈజ్', 'హూ ది మేనేజర్ ఈజ్'.

---

కూకట్‌పల్లి_అమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 1:05

మా అమ్మాయి పదో తరగతి. రిపోర్టెడ్ స్పీచ్‌లో 'హి ఆస్క్డ్ మి దట్ వేర్ వాజ్ ఐ గోయింగ్' అని రాసింది. దట్ ఎందుకు పెట్టావంటే 'ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు' అంటాం కదా, 'అని' అంటే దట్ కదా అమ్మా అంది. ఏం చెప్పాలో తోచలేదు.

---

బాల్కనీ_టీచరమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 2:40

అమ్మాయి తెలివైనదమ్మా, తన తర్కంలో తప్పు లేదు. 'వస్తానని చెప్పాడు' అంటే 'హి సెడ్ దట్ హి వుడ్ కమ్'. అక్కడ 'అని'కి దట్ సరిగ్గా సరిపోయింది. కానీ తెలుగు 'అని' ఏ మాటనైనా మోసుకొస్తుంది, ప్రశ్నని కూడా. దట్ అంత పని చేయదు, మామూలు వాక్యాన్ని మాత్రమే మోస్తుంది. ప్రశ్న మాట ఉంటే ఆ మాటే మోసుకుంటుంది, ఇంకో కూలీ అక్కర్లేదు. 'హి ఆస్క్డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్.' ప్రశ్న మాట లేకపోతే, అంటే 'వస్తావా అని అడిగాడు' లాంటి చోట, 'ఇఫ్' గానీ 'వెదర్' గానీ పెట్టాలి: 'హి ఆస్క్డ్ మి ఇఫ్ ఐ వుడ్ కమ్.'

అమ్మాయి చేత ఇంకొకటి కూడా చూసుకోమను. మనం ఎదుటివాడి మాటని ఉన్నదున్నట్టు తెస్తాం. 'నేను రానని చెప్పాడు' అంటే చాలాసార్లు ఆ 'నేను' చెప్పినవాడే. ఇంగ్లిష్‌లో 'హి సెడ్ ఐ వోంట్ కమ్' అని రాస్తే రానిది మనమైపోతాం.

---

చాయ్_బిస్కెట్ | మంగళవారం, మధ్యాహ్నం 3:02

మా గల్లీలో ఆ దట్‌కి ఇంకో కారణం కూడా ఉంది. హిందీ, ఉర్దూలో 'ఉస్‌నే పూఛా కి తుమ్ కహాఁ హో'. ఆ 'కి' కూడా ప్రశ్నని మోస్తుంది. ఇటు 'అని', అటు 'కి'. మధ్యలో ఇరుక్కున్న హైదరాబాదోడు 'దట్ వేర్ ఆర్ యు' అనక ఏం చేస్తాడు!

---

డబ్లిన్_మల్కాజిగిరి | మంగళవారం, రాత్రి 8:17

మల్కాజిగిరిలో పెరిగి ఇప్పుడు డబ్లిన్‌లో ఉంటున్నా. నవ్వొచ్చే విషయం చెప్పనా? ఇక్కడ ఐరిష్ వాళ్ళు 'ఐ ఆస్క్డ్ హిమ్ వాజ్ హి కమింగ్' అంటారు. పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళే. మరి వాళ్ళకి ఎర్ర గీత ఎవరు పెడతారు? ఇది తప్పనడం కంటే యాస అనడం నయం కాదా?

---

నల్లకుంట_వ్యాకరణం | మంగళవారం, రాత్రి 8:44

నిజమే, ఐరిష్ ఇంగ్లిష్‌లో అది పాతుకుపోయిన పద్ధతి. భాషాశాస్త్రం చదివినవాణ్ణిగా దాన్ని తప్పనను. మన ఇండియన్ ఇంగ్లిష్ గురించి కూడా పరిశీలకులు ఒక విచిత్రం గమనించారు: నేరు ప్రశ్నలో తిరగేయం, ఒదిగిన ప్రశ్నలో తిరగేస్తాం. 'వేర్ యు ఆర్ గోయింగ్?' అని అడుగుతాం, 'టెల్ మి వేర్ ఆర్ యు గోయింగ్' అంటాం. సరిగ్గా తలకిందులు!

మొదటిది తెలుగు ప్రభావమనుకోవచ్చు, మనకి ప్రశ్నలో మాటల వరస మారదు కాబట్టి. రెండోది తెలుగు ప్రభావం కాలేదు, ఎందుకంటే తెలుగులో అక్కడా వరస మారదు. అది బడిలో 'వేర్ ఆర్ యు, వాట్ ఈజ్ దిస్' అని జంటలు జంటలుగా బట్టీ పట్టించిన ఫలితమని నా అనుమానం.

---

బ్యాంకు_పరీక్షలోడు | మంగళవారం, రాత్రి 8:52

అన్నా, యాస అని రాస్తే మార్కులు రావు. నెగెటివ్ మార్కింగ్ కూడా ఉంది.

---

రాయదుర్గం_ప్యాసింజర్ | మంగళవారం, రాత్రి 11:20

ఆడిట్‌లో కూడా రావు!

ఇవాళ ట్రై చేశా. తొమ్మిది కాల్స్‌లో ఆరు సార్లు సరిగ్గా వచ్చింది. కానీ ఒకచోట 'ఐ విల్ చెక్ వాట్ రాంగ్ ఈజ్' అనేశా. కస్టమర్ ఒక్క క్షణం ఆగి 'సారీ?' అన్నాడు. ఓ ఉంది కదా మరి, 'ఏం తప్పు జరిగిందో చూస్తాను'.

---

బాల్కనీ_టీచరమ్మ | బుధవారం, ఉదయం 6:05

మందు కాస్త ఎక్కువైంది బాబూ, అంతే. 'వాట్స్ రాంగ్'లో 'వాట్' తానే సబ్జెక్టు. సబ్జెక్టు ముందే ఉన్నప్పుడు తిరగేసేదీ లేదు, తిరిగి సర్దేదీ లేదు. 'హూ కాల్డ్ యు?' 'ఐ నో హూ కాల్డ్ యు.' అక్షరం మారలేదు చూడు. తెలుగులో 'ఎవరు, ఏది' అన్న మాటలే పని చేసేవైతే వరస ముట్టుకోకు. 'వాట్స్ ది మ్యాటర్' కూడా అలాంటిదే. అందులో 'ది మ్యాటర్' అంటే 'రాంగ్' అనే అర్థం. 'టెల్ మి వాట్స్ ది మ్యాటర్' అనొచ్చు.

ఇంకో చిన్న జాగ్రత్త. ఒదిగిన ప్రశ్న చివర 'ఈజ్' మిగిలితే దాన్ని కుదించొద్దు. 'డు యు నో వాట్ టైమ్ ఇట్స్' అనకూడదు, 'ఇట్ ఈజ్' అని పూర్తిగా పలకాలి.

---

బ్యాంకు_పరీక్షలోడు | బుధవారం, ఉదయం 10:30

మేడమ్, ఇఫ్‌కీ వెదర్‌కీ తేడా ఉందా? మాకు మూడు రూల్స్ ఇచ్చారు, కారణం చెప్పలేదు. ప్రిపోజిషన్ తర్వాత వెదర్ మాత్రమే, 'టు' ముందు వెదర్ మాత్రమే, వాక్యం మొదట్లో సబ్జెక్టుగా వస్తే వెదర్ మాత్రమే. ఇంకా 'ఇఫ్' తర్వాత 'విల్' రాకూడదని ఒక రూల్ ఉంది. దాని ప్రకారం 'ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్' తప్పు కావాలి, కానీ కీలో రైట్ అని ఇచ్చారు.

---

నల్లకుంట_వ్యాకరణం | బుధవారం, ఉదయం 11:15

టీచర్ గారి తరఫున నేను చెప్పొచ్చా? దీనికి తెలుగు తాళం చెవి దగ్గరే ఉంది.

ఇంగ్లిష్‌లో 'ఇఫ్' ఒకటే మాట, తెలుగులో రెండు వేరు వేరు రూపాలు. 'వస్తే చెప్తాను' షరతు. 'వస్తాడో రాడో తెలియదు' ఒదిగిన ప్రశ్న. విల్ రాకూడదన్న రూల్ షరతుకే: 'ఇఫ్ హి కమ్స్, ఐ విల్ టెల్ హిమ్.' రెండోది నౌన్ క్లాజ్, దానికి ఆ రూల్ వర్తించదు. 'వెన్' కూడా ఇంతే. 'వచ్చినప్పుడు ఫోన్ చెయ్యి' అంటే 'కాల్ మి వెన్ హి కమ్స్'. 'ఎప్పుడొస్తాడో తెలియదు' అంటే 'ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్'. తెలుగులో 'తే', 'నప్పుడు' వస్తే విల్ తీసేయండి. 'ఓ' వస్తే ఉండనివ్వండి.

మీ మూడు రూల్స్‌లో వాక్యం మొదటి సంగతికి కారణం కూడా ఇదే అనిపిస్తుంది. వాక్యం ఇఫ్‌తో మొదలైతే వినేవాడు షరతనుకుని మిగతా సగం కోసం ఎదురు చూస్తాడు. వెదర్‌కి ఆ అయోమయం లేదు. 'వెదర్ హి కమ్స్ డజంట్ మ్యాటర్.' 'ఇట్ డిపెండ్స్ ఆన్ వెదర్ హి కమ్స్.' 'ఐ డోంట్ నో వెదర్ టు గో.' సందేహమొస్తే వెదర్ వాడండి, ఒదిగిన ప్రశ్నలో అది ఎక్కడా తప్పు కాదు.

అలాగే 'ఐ నో ది హౌస్ వేర్ హి లివ్స్' నౌన్ క్లాజ్ కాదు. 'అతను ఉండే ఇల్లు' అంటాం కదా, ఓ లేదు. అది ఇంటిని వర్ణించే విశేషణం.

---

డబ్లిన్_మల్కాజిగిరి | బుధవారం, సాయంత్రం 5:50

ఓ గురించి నేనూ ఒకటి కనిపెట్టా. 'ఎంత బాగుందో!' అని ఆశ్చర్యపోతాం. ఇంగ్లిష్‌లో 'హౌ నైస్ ఇట్ ఈజ్!' తిరగేయరు. అదే 'ఎంత బాగుంది?' అని అడిగితే 'హౌ నైస్ ఈజ్ ఇట్?' అవుతుంది.

---

నల్లకుంట_వ్యాకరణం | బుధవారం, సాయంత్రం 6:08

వారెవా! ఇది నాకు తట్టలేదు.

ఓ పనిచేయని చోటు కూడా చెప్పేస్తాను, లేకపోతే రేపు మీరే తిట్టుకుంటారు. 'ఎక్కడున్నాడో తెలుసా?' అంటే 'డు యు నో వేర్ హి ఈజ్?' దీనికి జవాబు అవును, కాదు. 'ఎక్కడున్నాడని అనుకుంటున్నావు?' అన్నప్పుడు ఓ లేదు, అవును అంటే జవాబూ కాదు. ఏదో ఒక చోటు చెప్పాలి. అందుకే ప్రశ్న మాట ముందుకు దూకుతుంది: 'వేర్ డు యు థింక్ హి ఈజ్?' 'డు యు థింక్ వేర్ హి ఈజ్' అనకూడదు. వేర్ పక్కన 'డు యు' తిరగబడింది, 'హి ఈజ్' మాత్రం తిరగబడలేదు.

---

కూకట్‌పల్లి_అమ్మ | గురువారం, ఉదయం 11:40

మా అమ్మాయికి ఇదంతా చదివి వినిపించాను. 'హి సజెస్టెడ్ మి టు గో' కూడా తప్పేనా అని అడుగుతోంది. 'వెళ్ళమని' కదా?

---

బాల్కనీ_టీచరమ్మ | గురువారం, మధ్యాహ్నం 12:30

'వెళ్ళమని చెప్పాడు' అయితే 'హి టోల్డ్ మి టు గో', సరే. సజెస్ట్ మాత్రం నౌన్ క్లాజ్ అడుగుతుంది: 'హి సజెస్టెడ్ దట్ ఐ గో.' అది ఆ మాట స్వభావం, అలవాటు చేసుకోవడమే.

సరే, ఇంత మాట్లాడుకున్నాం కదా, అయిదు ఇస్తాను, ఇంగ్లిష్‌లోకి మార్చండి చూద్దాం.

లిఫ్ట్ ఎందుకు ఆగిపోయిందో వాచ్‌మన్‌కి కూడా తెలియదు.
ఈ బస్సు కోఠి వెళ్తుందో లేదో కండక్టర్‌ని అడుగు.
నా గొడుగు ఎవరు తీశారో నాకు తెలుసు.
వాన ఎప్పుడు తగ్గుతుందని అనుకుంటున్నావు?
ఆమె కోపం దేనికో నాకు అర్థం కాలేదు.

---

బ్యాంకు_పరీక్షలోడు | గురువారం, మధ్యాహ్నం 1:15

'ఈవెన్ ది వాచ్‌మన్ డజంట్ నో వై ది లిఫ్ట్ స్టాప్డ్.'
'ఆస్క్ ది కండక్టర్ వెదర్ దిస్ బస్ గోస్ టు కోఠి.'
'ఐ నో హూ మై అంబ్రెల్లా టుక్.'
'వెన్ డు యు థింక్ ది రెయిన్ విల్ స్టాప్?'
'ఐ కుడంట్ అండర్‌స్టాండ్ వాట్ షి వాజ్ యాంగ్రీ అబౌట్.'

---

రాయదుర్గం_ప్యాసింజర్ | గురువారం, మధ్యాహ్నం 1:22

బ్రో, మూడోది నా 'వాట్ రాంగ్ ఈజ్' లాగే అయింది. 'హూ' తానే సబ్జెక్టు కదా. 'ఐ నో హూ టుక్ మై అంబ్రెల్లా.' నువ్వు రాసిన దాంట్లో గొడుగే ఎవర్నో ఎత్తుకెళ్ళింది.

---

బాల్కనీ_టీచరమ్మ | గురువారం, మధ్యాహ్నం 1:30

శభాష్, ఆడిట్‌కి నువ్వు సిద్ధం. మిగతా నాలుగూ చక్కగా ఉన్నాయి, అయిదోది మరీ బాగుంది.

---

చాయ్_బిస్కెట్ | గురువారం, మధ్యాహ్నం 1:34

మేడమ్, ఇంతకీ గొడుగు ఎవరు తీశారు?

---

బాల్కనీ_టీచరమ్మ | గురువారం, మధ్యాహ్నం 1:41

ఎవరు తీశారో నాకు తెలుసని రాశాను కదా నాయనా. ఎవరో చెప్తానని రాయలేదు. పై ఫ్లాట్ వాళ్ళు కూడా ఈ వేదిక చదువుతారు.